మనవాడే సూపర్‌వైజరైతే

షోలాపూర్ మరమగ్గాల షెడ్లలో యజమాని, సూపర్‌వైజరు, మగ్గం నడిపేవాడు ముగ్గురూ తెలుగువాళ్లే అయిన చోట్లు ఎన్నో. పద్మశాలీలు ఇక్కడ స్థిరపడి తరాలు గడిచాయి. బావ కింద బావమరిది, మేనమామ కింద మేనల్లుడు పనిచేయడం వింతేమీ కాదు. చిక్కల్లా మధ్యలో ఉన్న సూపర్‌వైజరుకే.

ఇది పాత చిక్కే. బొంబాయి మిల్లుల్లో జాబర్ తన ఊరివాళ్లనే పనిలో పెట్టించేవాడు, అవసరానికి అప్పిచ్చేవాడు, దస్తూరీ కూడా పుచ్చుకునేవాడు. ఆదుకునేదీ అతనే, పీడించేదీ అతనే.

ఇప్పటి సూపర్‌వైజరు బంధువు పేరున నేసినదానికంటే ఎక్కువ రాస్తే అది యజమాని సొమ్ము. పక్క మగ్గంవాడు చూడకుండానూ ఉండడు. ఇందులో పెద్ద చర్చేమీ లేదు.

అసలు పరీక్ష దెబ్బ తగిలినప్పుడు. షటిల్ ఎగిరి మేనల్లుడికి కన్ను దగ్గర తగిలిందనుకోండి. యజమానికి తలనొప్పి ఎందుకని ప్రైవేటు డాక్టరు దగ్గర కుట్లు వేయించి, చేతిలో రెండు వేలు పెట్టి ఇంటికి పంపే సూపర్‌వైజర్లున్నారు. ఇద్దరికీ మేలు చేశాననే వాళ్ల నమ్మకం. పదిమంది పైగా పనిచేసే షెడ్డుకు ఈఎస్ఐ వర్తిస్తుంది, నెలకు 21,000 రూపాయల దాకా జీతమున్నవాళ్లు అందులోకి వస్తారు. పనిలో తగిలిన దెబ్బగా నమోదైతే, కోలుకునేదాకా కూలిలో 90 శాతం భృతి వస్తుంది. చూపు తగ్గితే అంగవైకల్య భృతి వేరే. నమోదు కాకపోతే, చూపు మందగించిన రోజున ఆ కుర్రాడి చేతిలో కాగితం ఉండదు. చందా కట్టకుండా దాచిన యజమాని నుంచి ఆ ఖర్చు వసూలు చేసే అధికారం కార్పొరేషన్‌కు ఉంది. అంటే దాచిపెట్టడం వల్ల కంపెనీకీ మేలు లేదు. కాబట్టి అదే రోజు ప్రమాదం రిజిస్టరులో రాయించండి. మేనల్లుడు కాబట్టి దగ్గరుండి మరీ రాయించండి.

ఇక షెడ్డు మూసేస్తారన్న కబురు. సూపర్‌వైజరుకు ముందే తెలుస్తుంది, పెళ్లి భోజనాల దగ్గర “ఏం మామా, నిజమేనా?” అని అడుగుతారు. “అబ్బే, ఏమీ లేదు” అంటే, ఆ మాట నమ్మి ఒకడు ఇంటికి అప్పు చేస్తాడు. “నేను చెప్పకూడదు” అంటే చెప్పేసినట్టే కదా అని మా సంఘంలో ఒకరన్నారు. నిజమే. అందుకే ఏ గొడవా లేని రోజుల్లోనే, షెడ్డు సంగతులు బయట మాట్లాడనని చుట్టాలందరికీ చెప్పి ఉంచుకోవాలి. గ్రాట్యుటీ లెక్క మాత్రం ఎవరికైనా, ఎప్పుడైనా చెప్పవచ్చు. మూల వేతనం, కరువు భత్యం కలిపి 13,000 ఉన్నవాడు పదేళ్లు చేస్తే, ఏడాదికి 15 రోజుల చొప్పున 75,000 రూపాయలు.