ఆ 84 శాతం మందిని ఏమని అడిగారు?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) ఫలితాలు వచ్చినప్పుడు మన పేపర్లలో, టీవీల్లో ఒక అంకె బాగా నలిగింది. భర్త భార్యను కొట్టడం సబబేనన్న మహిళలు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు 84 శాతం. ఎం.ఏ. పిల్లలకు పరిశోధన పద్ధతులు చెప్పేటప్పుడు నేను బోర్డు మీద రాసే మొదటి అంకె ఇదే. ‘మన ఆడవాళ్లు మరీ ఇంతా మేడమ్?’ అని ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. తీర్పు తర్వాత చెబుదువుగాని, ముందు ప్రశ్న చదువు అంటాను.

సర్వేలో ఏడు సందర్భాలు అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్తే, ఇల్లూ పిల్లల్నీ పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, పడకకు కాదంటే, వంట సరిగ్గా చేయకపోతే, పరాయి సంబంధం ఉందని అనుమానం వస్తే, అత్తమామల్ని అగౌరవపరిస్తే కొట్టొచ్చా అని. వీటిలో ఏ ఒక్కదానికి ‘అవును’ అన్నా ఆమె ఆ 84లో పడిపోతుంది. ఏడింటికీ తలూపినామె, అత్తమామల దగ్గర మాత్రమే తలూపినామె ఆ లెక్కలో సమానమే.

అలాగని ఆ అంకె ఉత్తిది కాదు. అవే ప్రశ్నలు హిమాచల్ ప్రదేశ్‌లో అడిగితే అవునన్నవాళ్లు సుమారు 15 శాతమే. అందరినీ ఒకే మాట అడిగారు గనుకే ఈ పోలిక నిలబడుతుంది. పరిమాణాత్మక పద్ధతి బలం అదే. ఆ బలం ఊరికే రాదు. ఏ ఇంటికి వెళ్లాలో తేల్చేది ముందే వేసుకున్న ఇళ్ల జాబితా. ఇన్వెస్టిగేటర్ ఇష్టం కాదు. మా పిల్లలకు బస్టాపు పక్క వీధి, మంచినీళ్లిచ్చి కుర్చీ వేసే ఇల్లు ముద్దు. తాళం కనబడితే పక్కింటికి జారుకుంటారు. పగలు తాళం వేసి ఉండేది ఎవరి ఇల్లు? కూలికి పోయినవాళ్లది. చీకటిపడ్డాక మళ్లీ వెళ్లకపోతే ఆ ఊరి లెక్కలోంచి కూలీలే మాయమవుతారు.

ప్రశ్నలో చిన్న మార్పుకు ఎంత రభస జరుగుతుందో 1999-2000 జాతీయ నమూనా సర్వే చూపించింది. తిండి ఖర్చును గడిచిన 30 రోజులకూ, గడిచిన 7 రోజులకూ ఒకే ఇంట్లో అడిగారు. 1993-94లో 36 శాతమున్న పేదరికం 26కి దిగినట్టు తేలింది. తగ్గింది పేదరికమా, మారింది అడిగే తీరా అని ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాదులాడుకున్నారు.

ఇక గుణాత్మక పద్ధతి. కబుర్లు చెప్పుకొని రావడమే కదా అని దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్లే ఎక్కువ. నాకైతే నేర్పడానికి ఇదే కష్టం. మా విద్యార్థిని ఒకమ్మాయి ఇదే సంగతి మీద ఒక పల్లెకు వెళ్లింది. అత్త అరుగు మీద కూర్చుని ఉండగా కోడలు అన్నిటికీ ‘అవును’ అంది. అత్త లేచి వెళ్లాక, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, ‘తప్పంటే మాత్రం ఏం జేస్త బిడ్డా, యాడికి పోత?’ అంది. ముందు విన్న ‘అవును’ నమ్మకమా, నిస్సహాయతా? గళ్లలో టిక్కు పెట్టే కాగితం మీద దీనికి చోటు లేదు. ఆ అమ్మాయి అదే రాత్రి కూర్చుని ఆమె మాటను ఆమె యాసలోనే రాసింది. పక్కన ఎవరున్నారో, ఎప్పుడు లేచి వెళ్లారో కూడా రాసింది. తెల్లారితే ఇలాంటివి సగం చెరిగిపోతాయి.

అయితే మంచి మాట దొరికిందంటే మా పిల్లలు దాని మీద మనసు పారేసుకుంటారు. ఇలా అనుకునేవాళ్లు ఊళ్లో ఎందరో ఒక్కామె మాట చెప్పదు. అందుకు మళ్లీ జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరగాల్సిందే. ఈసారి మాత్రం ప్రశ్నావళిలో ‘తప్పని చెప్పే వీలు మీకుందా?’ అన్న ప్రశ్న కూడా చేరుతుంది.

ఇలా ఊళ్లో ఉండి, చూసి, విని రాసే పని ఎలా ఉంటుందో తెలియాలంటే, సమాజశాస్త్రం చదవాలనుకునే పిల్లలు మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1955లో తెచ్చిన ‘ఇండియన్ విలేజ్’ తప్పక చూడాలి. హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట గురించిన పుస్తకమది. ఉస్మానియా నుంచి వెళ్లిన బృందం ఆ ఊళ్లో మకాం పెట్టి చేసిన పని.

మిగతావాళ్లకు నాదొక్కటే మనవి. కుటుంబ ఆరోగ్య సర్వే జాతీయ నివేదిక ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ప్రశ్నావళి చివర్లో ఉంటుంది. ఈసారి ఎవరైనా ‘మన ఆడవాళ్లలో ఇంత శాతం’ అని వాట్సాప్‌లో పంపితే, ముందుకు తోసే ముందు ఆ పేజీ తెరిచి అడిగిన ప్రశ్న చదవండి.