పురుగు మీద పెరిగే మందు పుట్టగొడుగు: కార్డిసెప్స్ సీసాలో ఎలా వస్తుంది, ఎందుకు రాదు?



కార్డిసెప్స్ వీడియో పెట్టినప్పటి నుంచి ఫోన్లలో ఒకటే ప్రశ్న. "అన్నా, చిన్న రూములో పెంచితే లక్షలొస్తాయంట, నిజమేనా?" దానికి జవాబు చెప్పే ముందు ఈ శిలీంద్రం అసలు ఎలా పెరుగుతుందో తెలుసుకోవాలి. అది తెలియకుండా మొదలుపెట్టి 300 సీసాలు గోతిలో పారబోసినోణ్ణి నేను. అందుకే వీడియోలో చెప్పలేకపోయిన విషయాలు ఇక్కడ వివరంగా రాస్తున్నా.

ఇది మనకు కొత్తది కాదు

వేరుశనగ చేలో నాలుగు రోజులు ముసురు పట్టాక వెళ్ళి చూడండి. లద్దె పురుగులు కొన్ని ఆకును పట్టుకుని అలాగే చచ్చిపోయి, సున్నం పూసినట్టు తెల్లగా గట్టిపడి ఉంటాయి. తర్వాత వాటి మీద పచ్చటి పొడి వస్తుంది. అది నొమూరియా అనే శిలీంద్రం పని. మనం పిచికారీ చేసే బవేరియా కూడా ఇలాంటిదే. పట్టుపురుగులకు మస్కార్డిన్ రోగం తెచ్చేది ఈ బవేరియానే అని 1835లో ఇటలీకి చెందిన అగొస్తినో బస్సీ నిరూపించాడు. బాసియానా అనే పేరు ఆయన మీదుగా వచ్చిందే. ఈ బవేరియా, కార్డిసెప్స్ ఒకే కుటుంబం.

మందుగా పేరున్నవి ముఖ్యంగా రెండు. ఒకటి హిమాలయాల్లో, టిబెట్‌లో సుమారు 3,000 నుంచి 5,000 మీటర్ల ఎత్తున దొరికే ఒఫియోకార్డిసెప్స్ సైనెన్సిస్. ఉత్తరాఖండ్‌లో దీన్ని కీడా జడీ అంటారు, నేపాల్‌లో యార్సాగుంబా. మంచు కరిగాక జనం కొండలెక్కి ఏరుకొస్తారు. విపరీతంగా ఏరడం వల్ల 2020లో ఇది ప్రపంచ ముప్పు జాతుల జాబితాకెక్కింది. రెండోది కార్డిసెప్స్ మిలిటారిస్. నారింజ రంగులో ఉంటుంది. మన దగ్గర సీసాల్లో పెంచేది దీన్నే. ఎవరైనా "హిమాలయాల కీడా జడీ మా రూములో పెంచాం" అంటే అక్కడే ఆగి, ఏ జాతి అని అడగండి.

పురుగు లోపల జరిగేది

మిలిటారిస్ ఎక్కువగా సీతాకోకచిలుక, రెక్కల పురుగు జాతుల గొంగళ్ళ మీద, ప్యూపాల మీద వస్తుంది. సిద్ధబీజం పురుగు చర్మానికి అంటుకుని మొలకెత్తుతుంది. ఎంజైములతో చర్మాన్ని కరిగిస్తూ, సన్నని మొలకతో గుచ్చుకుని లోపలికి పోతుంది. రక్తంలోకి చేరాక చిన్న చిన్న ముక్కలుగా, ఈస్ట్ లాగా పెరుగుతుంది. పురుగు కూడా ఊరుకోదు, తనలోని రక్షణ కణాలతో పోరాడుతుంది. ఓడిపోతే చస్తుంది. అప్పుడు శిలీంద్రం దారాలుగా మారి ఒళ్ళంతా నిండుతుంది. పైన తోలు అలాగే ఉంటుంది, లోపల అంతా బూజు దారమే.

ఆ తర్వాత వెంటనే పుట్టగొడుగు రాదు. తేమ, చలువ, వెలుతురు సరిపడేదాకా ఆగి, అప్పుడు నారింజ రంగు కాడ బయటికొస్తుంది. దాని తలభాగం గరుకుగా ఉంటుంది. ఆ గరుకులోని చిన్న చిన్న గుంటల నుంచే మళ్ళీ సిద్ధబీజాలు గాలిలోకి పోతాయి.

సీసాలో మనమే పురుగు, మనమే వాతావరణం

పురుగు ఒంటి బదులు దంపుడు బియ్యం. పురుగు రక్తం బదులు గ్లూకోజు, పెప్టోన్, ఈస్ట్ సారం కలిపిన నీళ్ళు. నేను పట్టుపురుగు ప్యూపా పొడి కూడా కొంచెం కలుపుతా. మా మదనపల్లె వైపు పట్టుదారం తీసే యూనిట్లలో అది దొరుకుతుంది.

బతికున్న పురుగు వేరే బూజుల్ని అడ్డుకుంటుంది. ఉడికిన బియ్యానికి ఆ శక్తి లేదు. అందుకే సీసాల్ని ఆటోక్లేవులో 121 డిగ్రీల వేడి, 15 పౌండ్ల ఒత్తిడి మీద శుద్ధి చేయాలి. మనం పొలానికి ప్రేమగా వేసే ట్రైకోడెర్మానే ఇక్కడ పెద్ద శత్రువు. పొలంలో తిరిగిన బట్టలతో ల్యాబులోకి పోవద్దు. పచ్చ మచ్చ కనిపించిన సీసాను మూత తీయకుండానే బయటికి పంపాలి.

విత్తన ద్రావణం వేశాక వారం, పది రోజులు చీకట్లో, 20 డిగ్రీల దగ్గర ఉంచితే బియ్యమంతా తెల్లగా అల్లుకుంటుంది. అప్పుడు రోజుకు 12 గంటలు లైటు వేయాలి. 500 నుంచి 1,000 లక్స్ చాలు, ఎండ వద్దు. శిలీంద్రం మొక్కలాగా వెలుతురుతో ఆహారం చేసుకోదు. "నేల దాటి పైకొచ్చావు, ఇక కాడ వేయి" అనే కబురు మాత్రమే ఆ వెలుతురు. తెల్లటి అల్లిక నారింజ రంగుకు తిరగడం మొదలైతే కబురు అందినట్టే. గదిలో 18 నుంచి 22 డిగ్రీలు, 80 నుంచి 90 శాతం తేమ, కొంచెం కొత్త గాలి ఉండాలి. 25 దాటితే కాడలు సరిగా రావు. మొత్తం 50, 60 రోజులకు కోత. వేసవిలో కరెంటు బిల్లు లెక్క ముందే వేసుకోండి.

నా 300 సీసాలు ఎందుకు పోయాయి?

ఒక చోట శిక్షణ తీసుకుని, అక్కడే కల్చర్ ట్యూబు కొన్నా. పంట మేమే కొంటామన్నారు. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి ఏసీ, ర్యాకులు తెచ్చా. సీసాలన్నీ చక్కగా తెల్లగా అల్లుకున్నాయి. లైటు వేశా. పది రోజులు, ఇరవై రోజులు, నెల గడిచింది. పసుపు తిరిగింది గానీ ఒక్క కాడ లేదు. అడిగితే "మీ గది బాగాలేదు" అన్నారు. నేనూ అదే నమ్మి ఇంకో హ్యూమిడిఫయరు కొన్నా.

డిప్లొమాలో నేర్చుకున్న పోలిక ప్రయోగం అప్పుడు గుర్తొచ్చింది. ఇంకో చోట నుంచి కొత్త కల్చర్ తెచ్చా. అదే బియ్యం, అదే గది, అదే లైటు. 10 సీసాల్లో పాతది, 10 సీసాల్లో కొత్తది. కొత్తవాటిలో ఎనిమిదింటికి కాడలొచ్చాయి, పాతవాటిలో ఒక్కదానికీ రాలేదు. తప్పు గదిది కాదు, విత్తనానిది.

కారణం ఇదీ. ఈ శిలీంద్రంలో ఆడ, మగ లాంటి రెండు రకాలున్నాయి. కాడ బాగా ఎదిగి సిద్ధబీజాలు పట్టాలంటే రెండూ ఉండాలి. ఒకే కల్చర్‌ను ప్లేటు నుంచి ప్లేటుకు పదే పదే మారుస్తూ పోతే ఒక రకం తగ్గిపోవచ్చు, జాతి బలం కూడా పడిపోతుంది. తెల్లగా అల్లుకోవడం మాత్రం మామూలుగానే ఉంటుంది. అందుకే మోసం కంటికి కనిపించదు.

కాబట్టి కల్చర్ కొనేటప్పుడు ఎన్నోసారి మార్చిందో అడగండి. ముందు 20 సీసాల్లో వేసి కాడలు చూశాకే పెంచండి. మంచి కాడ వచ్చినప్పుడు దాని నుంచి కొత్త కల్చర్ తీసి ఫ్రిజ్‌లో దాచుకోండి.

మందు సంగతి

ఇందులో కార్డిసెపిన్ అనే పదార్థం ఉంది, 1950లో మిలిటారిస్ నుంచే వేరు చేశారు. కణాల మీద, ఎలుకల మీద పరిశోధనలు చాలా ఉన్నాయి. మనుషుల మీద జరిగినవి తక్కువ, చిన్నవి. క్యాన్సర్ తగ్గుతుంది, షుగర్ పోతుంది అని చెప్పి నేను అమ్మను, మీరూ అమ్మొద్దు. షుగర్ మాత్రలు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు డాక్టరును అడక్కుండా తీసుకోవద్దు. ప్యాక్ చేసి అమ్మాలంటే ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. అనుమతి ఉండాలి.

ఇక లక్షల ప్రశ్నకు జవాబు. నాకు గాజులు విడిపించుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు నెలకు 150 సీసాలే వేస్తున్నా, కొనేవాళ్ళు ఖాయమయ్యాకే. మీకు ఏసీ, ఆటోక్లేవు పెట్టే స్తోమత లేకపోతే బాధపడొద్దు. పురుగును పట్టే శిలీంద్రం మీ చేలో ఉచితంగానే పనిచేస్తోంది. ముసురు రోజుల్లో బూజు మందులు కొట్టి దాన్ని చంపకుండా ఉంటే చాలు. ఈసారి చేలో తెల్లబడిన లద్దె పురుగు కనబడితే తీసి పారేయకండి, అక్కడే ఉంచండి.

మీ అనుభవాలు కింద రాయండి. కల్చర్ పరీక్ష చేసే పద్ధతి వచ్చే వీడియోలో చూపిస్తా.