పిల్లి గోళ్ళు తీయించవచ్చునా?

ఎలుకల బెడద తీర్చడానికి ఇంట్లో చోటు సంపాదించుకున్న పిల్లి నేడు అనేక కుటుంబాలలో ముద్దుబిడ్డ అయింది. సోఫాల చిరుగులు, చేతులపై గీతలు కూడ దాని వెంటే వచ్చాయి. శస్త్రచికిత్సతో గోళ్ళను శాశ్వతంగా తీయించడం అమెరికాలో చాలాకాలం మామూలు విషయంగా సాగింది. అక్కడ స్థిరపడిన మన పిల్లల ఇళ్ళలోనూ ఈ ప్రశ్న తలెత్తడం సహజమే.

"గోళ్ళు తీయడం" అనే మాటే మనలను పొరపాటు పడేట్లు చేస్తుంది. పిల్లి గోరు వేలి చివరి ఎముక నుండి ఎదుగుతుంది. అది తిరిగి రాకూడదంటే ఆ ఎముకనే తొలగించాలి. ముందు పాదాలు రెండింటికీ పది వేళ్ళు. అంటే పది కోతలు. మన వేళ్ళను చివరి కణుపు వద్ద నరికినట్లే. పిల్లి వేళ్ళపై నడిచే జంతువు గనుక నడక తీరు మారుతుంది. కొన్నింటికి నొప్పి ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. ఇసుక తవ్వితే బాధ కలుగుతుంది గనుక కొన్ని తమ మలవిసర్జన తొట్టెనే విడిచిపెడతాయి.

ఇంట్లో రక్తం పలుచబడే మందులు వాడే వృద్ధులున్నప్పుడు భయం న్యాయమైనదే. కాని గోళ్ళు కోల్పోయిన పిల్లి ఆత్మరక్షణకు కోరలను ఆశ్రయించవచ్చు. పిల్లి కాటు గీరుడు కంటె ప్రమాదకరం. గోటి కుదురులో కణితి లేచినపుడు వైద్యుడు ఆ వేలిని తీయడం వేరు సంగతి.

గీరడం పిల్లికి దుర్గుణం కాదు. పాత గోటి పొరను రాల్చుకోవడానికి, ఒళ్ళు సాచుకోవడానికి, తన వాసనను గుర్తుగా వదలడానికి అది గీరుతుంది. కాబట్టి దానికి వేరే చోటు చూపాలి. అది నిలువునా సాగగలిగేటంత ఎత్తున, కదలని గుంజకు కిత్తనార తాడు చుట్టి, అది గీరుతున్న సోఫా ప్రక్కనే నిలపాలి. రెండు మూడు వారాలకొకసారి గోటి తెల్లని కొనను మాత్రమే కత్తిరించాలి. లోపలి గులాబిరంగు భాగంలో రక్తనాళం, నరం ఉంటాయి.

బ్రిటన్‌లోను, ఐరోపా దేశాలు అనేకంలోను ఈ శస్త్రచికిత్స నిషిద్ధం. అమెరికాలో మొదట నిషేధించిన రాష్ట్రం న్యూయార్క్ (2019). మన దేశంలో జంతువులపట్ల క్రూరత్వాన్ని నివారించే చట్టం 1960 నుండి ఉన్నది. ప్రాణులపై దయ చూపడం 1976లో రాజ్యాంగంలో చేరిన ప్రాథమిక విధులలో ఒకటి.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ సంకటం పిల్లిదే. చిరిగిన సోఫాకు కొత్త గుడ్డ వేయించవచ్చు. తీసిన ఎముకను తిరిగి అతికించలేము. నిర్ణయం మన చేతిలో ఉన్నది గనుక, మొదట గుంజను, కత్తెరను ప్రయత్నించి చూడడం మన ధర్మం.