బబులోను పెట్టిన పేరు

1989లో ‘శివ’ వచ్చినప్పుడు కాలేజీ కుర్రాళ్ల చూపు సైకిల్ చైన్ల మీద పడింది. 2021లో ‘పుష్ప’ వచ్చాక గడ్డం కింద చెయ్యి రుద్దే పిల్లలు వీధివీధినా కనిపించారు. నేడు మన ఎలమంచిలి నుంచి విశాఖ కాలేజీలకు రైల్లో వెళ్లే కుర్రకారుకు నడక, జుట్టు, మాట, కోపం అన్నీ సెల్‌ఫోనే నేర్పుతోంది. ‘నేనెవరిని?’ అన్న ప్రశ్నకు కూడా లైకుల లెక్కే జవాబవుతోంది.

ఈ శోధన కొత్తది కాదు. నెబుకద్నెజరు యూదా యౌవనస్థులను చెరపట్టించి, కల్దీయుల విద్య, భాష మూడేళ్లు నేర్పించాడు. భోజనం మార్చజూశారు, పేర్లు మార్చారు. దానియేలు అంటే ‘దేవుడే నా న్యాయాధిపతి’. ఆ పేరు తీసి, రాజు కొలిచే దేవత పేరు కలిపి బెల్తెషాజరు అన్నారు. దానియేలు ఆ చదువును కాదనలేదు, అందులో రాణించాడు. రాజు బల్ల మీది భోజనం మాత్రం వద్దన్నాడు. ఏది నేర్చుకోవాలో, ఏది ముట్టకూడదో ఆయనకు తెలుసు.

కాబట్టి ప్రియులారా, ఫోను లాక్కుంటే సరిపోదు. మార్కులు అడిగే నోటితోనే, ‘నువ్వు దేవుని స్వరూపంలో కలిగినవాడివిరా’ అని పిల్లలకు చెబుదాం. వారు చూసేదేమిటో పక్కన కూర్చుని అడుగుదాం. ఎన్నో ఏళ్ల తర్వాత బబులోను రాజగృహంలోనే రాణి ఆయన్ను దానియేలు అనే పిలిపించమంది. పెట్టిన పేరు నిలవలేదు, ఇంటి పిలుపే నిలిచింది.