ఫార్టీనైనర్స్ పరాజయ వత్సరము: అపోహలు – వాస్తవాలు

1848లో కాలిఫోర్నియా కొండలలో బంగారము బయల్పడగా, మరు సంవత్సరమున దానికై దేశదేశములనుండి పరుగెత్తి వచ్చినవారికి ‘ఫార్టీనైనర్స్’ అను పేరు కలిగినది. దాదాపు నూరేండ్ల తరువాత, 1946లో, శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఒక అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తిజట్టు ఆడనారంభించినప్పుడు ఆ పేరే దానికి స్థిరపడెను. ఆ ఆటలో ఏటి కడపటి కిరీటపు పోరైన సూపర్ బౌల్‌ను ఐదు పర్యాయములు గెలిచిన ఆ జట్టు, 2024 ఫిబ్రవరి 11వ తేదీన లాస్‌వేగాస్‌లో ఆరవ విజయమునకై పోరాడి, అదనపు సమయములో 25–22 తేడాతో కాన్సస్‌సిటీ చేతిలో ఓడినది. విజయము అంచువరకు వెళ్లి వచ్చిన జట్టు గనుక మరుసటి సీజన్‌లో తప్పక జయించునని ఎల్లరును ఎదురుచూచుచుండగా, అది ఆడిన 17 ఆటలలో 6 మాత్రమే గెలిచి, 11 ఓడి, నాలుగు జట్ల తన విభాగములో అట్టడుగున నిలిచినది.

శాంతాక్లారా, సన్నీవేలు, ఫ్రీమాంటు పట్టణములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో ఈ జట్టు ఎఱ్ఱచొక్కా తొడిగిన పిల్లలు తరచుగా కానవచ్చుచుందురు. సన్నీవేలులో మా మేనల్లుని ఇంట ఆదివారపు భోజనములకు చేరిన బంధుమిత్రులు, ముద్దపప్పు కలుపుకొనుచు ఈ పతనమునకు చెప్పుకొను కారణములను నేను శ్రద్ధగా వినియుంటిని. ప్రతివారును ఒకే ఒక దోషిని వెదకుచుండిరి. ఆ వెదకుటలోనే పొరపాటున్నదని నా నమ్మకము.

అపోహ: సూపర్ బౌల్‌లో ఓడినవారిని మరుసటి ఏడు శాపము వెన్నాడును.

ఈ మాట అమెరికాలో చాలకాలముగా వాడుకలో నున్నది. ఇదే జట్టు 2020 ఫిబ్రవరిలో కాన్సస్‌సిటీకే ఓడి, ఆ తరువాతి సీజన్‌లో 6 గెలిచి 10 ఓడుట శాపవాదులకు గొప్ప సాక్ష్యముగా దొరికినది. కాని డల్లస్ జట్టు 1971 జనవరిలో ఓడి 1972 జనవరిలో గెలిచినది. ఆ డల్లస్ చేత ఓడిన మయామి జట్టు, మరుసటి సీజన్‌లో ఒక్క ఆటయైనను ఓడక కిరీటము ధరించినది. న్యూ ఇంగ్లండ్ 2018లో ఓడి 2019లో గెలిచినది. శాపమనునది కొందఱిని పట్టి కొందఱిని విడుచునదైనచో దానిని శాపమనుటకంటె, లెక్కలో మనకు నచ్చినవి మాత్రమే ఏరుకొనుట అనుట న్యాయము.

ఐనను ఈ అపోహ అడుగున ఒక నిజమున్నది. కడవరకు నిలిచిన జట్టు ఎక్కువ ఆటలాడును, తక్కువ విశ్రమించును. ఫార్టీనైనర్స్ 2021, 2022, 2023 సీజన్లలో ఏటేట 17 ఆటలకు తోడు మూడేసి నాకౌట్ ఆటలాడి, మొత్తము 60 సార్లు బరిలో దిగిరి. నాకౌట్‌కు చేరని జట్టు అదే కాలములో ఆడునది 51 మాత్రమే. మనిషిని మనిషి పొట్టేళ్లవలె ఢీకొను ఈ ఆటలో ఆ తొమ్మిది ఆటల భారము ఎముకలకు తెలియును.

అపోహ: క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీ కోట్లు పుచ్చుకొని జట్టును ముంచినాడు.

బంతి విసరి దాడిని నడుపు క్వార్టర్‌బ్యాక్ పర్డీకి ఐదేండ్లకు 26 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందము కుదిరిన మాట వాస్తవమే. కాని అది 2025 మే మాసమున, అనగా ఈ పరాజయ వత్సరము గడచిపోయిన పిమ్మట జరిగినది. జట్లు కొత్త ఆటగాండ్రను వరుసగా ఎంచుకొను 2022 డ్రాఫ్ట్‌లో 262వ వానిగా, అందఱికంటె చివర ఎంపికైన అతనికి 2024లో ముట్టినది పది లక్షల డాలర్లలోపే. అతని ఆట కొంత తగ్గినదనుట సత్యము: 2023లో 31గా నున్న టచ్‌డౌన్ పాసులు 20కి దిగినవి. అట్లని జట్టు కదలకపోలేదు; సంపాదించిన గజముల లెక్కలో ఆ సీజన్‌లో 32 జట్లలో దానిది నాలుగవ స్థానము. గజములు వచ్చినవి, పాయింట్లు రాలేదు. గోల్ సమీపమునకు చేరి బంతిని జారవిడుచుటయో, ఫీల్డ్ గోల్ అను మూడు పాయింట్ల తన్నుతో సరిపెట్టుకొనుటయో, ఆ తన్నును సైతము తప్పుటయో పరిపాటి యైనది.

ఇంతకును, నష్టము ఎక్కువగా జరిగినది బంతి తన చేత లేనప్పుడు. 2023లో ఈ జట్టు 491 పాయింట్లు చేసి 298 ఇచ్చినది. 2024లో 389 చేసి 436 ఇచ్చినది. చేసినవి 102 తగ్గినవి, ఇచ్చినవి 138 పెరిగినవి. క్వార్టర్‌బ్యాక్‌ను నిందించువారు ఈ రెండవ సంఖ్యను చూడరు. డిఫెన్స్ నడుపు గురువు 2022లో డెమీకో రయాన్స్, 2023లో స్టీవ్ విల్క్స్, 2024లో నిక్ సోరెన్‌సెన్, మూడేండ్లకు ముగ్గురు. సూపర్ బౌల్ ముగిసిన మూడవ దినముననే విల్క్స్‌ను తొలగించిరి. ఇల్లు మారినపుడెల్ల కొన్ని సామానులు పగులుట ఎట్లు తప్పదో, బోధకులు మారినపుడెల్ల కుదిరిన అలవాట్లు చెదరుట అట్లే తప్పదు.

అపోహ: గాయములన్నియు దురదృష్టమే, కాకున్న ఆ విద్యుత్ తీగల మహిమ.

శాంతాక్లారాలో ఈ జట్టు అభ్యాసము చేయు స్థలము ప్రక్కనే ఒక పెద్ద విద్యుత్ సబ్‌స్టేషన్ కలదు. దానినుండి వెలువడు అయస్కాంత ప్రభావము ఆటగాండ్ర స్నాయువులను మెత్తబఱచి తెంపుచున్నదని తరువాతి కాలమున ఒక వదంతి బయలుదేరి విశేషముగా వ్యాపించినది. ఆ తీగలలో ప్రవహించునది మన ఇండ్లలో దీపములు వెలిగించు విద్యుత్తు వంటిదే. దాని అయస్కాంత క్షేత్రము దూరము పెరిగినకొలది శీఘ్రముగా క్షీణించును. అది మానవుని స్నాయువును తెంపునని శాస్త్రము నిరూపింపలేదు. జట్టు ఈ స్థలమునకు వచ్చినది 1988లో. ఇచ్చట అభ్యసించియే అది 1989, 1990, 1995 జనవరులలో మూడు సూపర్ బౌల్‌లు గెలిచినది. తమ పిల్లల దేహములను గుఱించి తల్లిదండ్రులలో లేనిపోని భయము పుట్టించు ఇట్టి వదంతులు నిర్దోషములని నేననుకొనజాలను.

మఱి గాయములకు హేతువేమి? డిఫెన్స్ ఆటగాడు డ్రే గ్రీన్‌లాను చూడుడు. లాస్‌వేగాస్‌లో సూపర్ బౌల్ రెండవ పాదము నడుచుచుండగా, గీత ఆవల నిలిచిన ఆ యువకుడు మైదానములోనికి పోవుటకై ఉత్సాహముతో ఒక గంతు వేసి అడుగు ముందుకిడినాడు. ఎదిరి ఎవడును తాకలేదు, బంతియు దరిదాపుల లేదు. ఆ ఒక్క అడుగులో మడమ వెనుక స్నాయువు తెగి కూలబడినాడు. ఆ సీజన్‌లో అది జట్టుకు ఇరువదవ పోరు. అతడు తిరిగి మైదానమున కాలు మోపునప్పటికి డిసెంబరు 12వ తేదీ వచ్చినది.

క్రిస్టియన్ మెకాఫ్రీ 2023లో 272 సార్లు బంతిని చంకబెట్టి పరుగెత్తి, 67 పాసులు పట్టి, 21 టచ్‌డౌన్లు చేసి, ఆ ఏటి ఉత్తమ అఫెన్స్ ఆటగాడనిపించుకొన్నాడు. బంతి పట్టిన ప్రతిసారియు ఒకరో ఇద్దరో మీదపడి పడగొట్టుటయే ఈ ఆట ధర్మము గదా! మరుసటి ఏడు రెండు కాళ్ల మడమ స్నాయువులును వాచి, తొలి ఎనిమిది ఆటలకు దూరమై, నవంబరులో తిరిగివచ్చి, నాలుగవ ఆటలో బఫెలో మంచులో మోకాలు దెబ్బతిని నిష్క్రమించినాడు. బ్రాండన్ అయ్యూక్, ట్రెంట్ విలియమ్స్ అను ప్రముఖులిద్దఱు వేతనవివాదము వలన వేసవి శిక్షణకు దూరముగా నుండిరి. అయ్యూక్ అక్టోబరు 20న మోకాలి లిగమెంట్లు తెగి పడిపోయినాడు, విలియమ్స్ చీలమండ నొప్పితో పది ఆటలకే పరిమితుడైనాడు. కొత్తగా చేరిన రికీ పియర్సాల్ సంగతి వేఱు. సీజన్‌కు ముందు ఆగస్టు 31న శాన్‌ఫ్రాన్సిస్కో యూనియన్ స్క్వేర్ వద్ద ఒక దోపిడీ యత్నములో అతని ఛాతీని తుపాకిగుండు దూసిపోయినది. అది శుద్ధమైన దురదృష్టము; తక్కినవన్నియు అట్టివి కావు.

మఱియొక మాట. గాయములు ప్రతి జట్టుకును కలుగును. పడినవాని స్థానమున నిలుచు వాడుండుటయే బలము. 2021లో ట్రే లాన్స్ అను యువకుని ఎంపిక చేయుటకై ఈ జట్టు మూడేండ్ల మొదటి రౌండ్ ఎంపికలను ధారపోసినది. ఆ యువకుడు నిలద్రొక్కుకొనలేదు, 2023 ఆగస్టులో నాలుగవ రౌండ్ ఎంపికకు అతనిని డల్లస్‌కు ఇచ్చివేసిరి. మెకాఫ్రీని తెచ్చుటకు మఱి నాలుగు ఎంపికలు వ్యయమైనవి. ఆ రెండవ బేరము గొప్పదనియే నేనందును. కాని విత్తనపు ధాన్యము తినివేసిన రైతునకు మూడవ పంటనాటికి కొఱత తెలిసివచ్చునట్లు, 2024లో పెద్దలు పడిపోగా వారి వెనుక నుండవలసిన ఇరువదినాలుగు, ఇరువదియైదేండ్ల పడుచువాండ్ర వరుస పలుచబడి యుండెను.

అపోహ: ఇంతగా ఓడిన జట్టు అన్నిట చెడిన జట్టు.

ఇచ్చట పాఠకులు మూడు ఆటలను గమనింప ప్రార్థన. సెప్టెంబరు 22న లాస్ ఏంజెలెస్ ర్యామ్స్‌పై 14–0 ఆధిక్యము సాధించి, చివరి పాదములో సైతము పది పాయింట్ల ముందుండి, కడపట ఒక పంట్‌ను, అనగా ఎదిరికి దూరముగా తన్నిన బంతిని, తిరిగి పరుగెత్తనిచ్చి, రెండు సెకన్లు మిగిలియుండగా కొట్టిన ఫీల్డ్ గోల్‌తో 27–24గా ఓడిరి. అక్టోబరు 6న ఆరిజోనాపై సగము ఆటకు 23–10 ఆధిక్యములో నుండి, తరువాత ఒక్క పాయింటైనను చేయక 24–23గా ఓడిరి. తన్నుట వృత్తిగా గల జేక్ మూడీ ఆ దినము బంతితో పరుగెత్తువానిని అడ్డగించబోయి చీలమండ మెలిపెట్టుకొన్నాడు. నవంబరు 17న సియాటెల్ క్వార్టర్‌బ్యాక్ పండ్రెండు సెకన్లు మిగిలియుండగా స్వయముగా పరుగెత్తి టచ్‌డౌన్ చేయగా 20–17గా ఓడిరి. మూడింటను కలిపి తేడా ఏడు పాయింట్లు, అనగా ఒక టచ్‌డౌన్, దానిపై ఒక తన్ను. మూడును తమ విభాగపు జట్లతోనే. మూడింటిని నిలుపుకొన్నచో లెక్క 9–8.

ఆ మూడీయే చీలమండ బాగుపడి వచ్చిన నవంబరు 10న టాంపాబేపై మూడు తన్నులు తప్పి, చివరిక్షణమున నాలుగవది సాధించి 23–20గా గెలిపించెను. గీత దాపున సహచరులే అతనిపై కోపించి ఒకరినొకరు త్రోసికొనుచుండగా, ఆ యువకుడు తిరిగి వెళ్లి బంతిముందు నిలుచుట నాకు మనసు కలచిన దృశ్యము. సీజన్ మొత్తముమీద అతడు 34 ఫీల్డ్ గోల్ యత్నములలో 24 సాధించెను. అతడు ఒక్కడే దోషి యనను. కాని ఇంత సన్నని తేడాలతో ఓడు జట్టుకు తప్పిన ఆ పది తన్నులు చిన్న విషయము కాదు.

కోచ్ కైల్ షానహాన్‌ను తొలగింపవలెనన్న కేకలు ఆ శీతకాలమున వినవచ్చినవి. యాజమాన్యము తొలగింపలేదు. డిఫెన్స్‌కు పాత గురువు రాబర్ట్ సాలేను మరల పిలిచిరి. తన్నుడు దళములకు గురువును మార్చిరి. 2025 సీజన్ మొదటి ఆట కాగానే మూడీని విడిచిరి. ఆ ఏడు సైతము గాయములు తగ్గలేదు: డిఫెన్స్ ప్రముఖులలో నిక్ బోసా మూడవ ఆటలో మోకాలు, ఫ్రెడ్ వార్నర్ ఆరవ ఆటలో చీలమండ దెబ్బతిని సీజన్‌కు దూరమైరి. మెకాఫ్రీ మాత్రము 17 ఆటలును ఆడినాడు. అదే కోచ్, అదే క్వార్టర్‌బ్యాక్, అదే సబ్‌స్టేషన్ ప్రక్కని అభ్యాసస్థలము. ఆ సీజన్‌లో ఫార్టీనైనర్స్ 12 ఆటలు గెలిచి 5 ఓడిరి.