పొరుగున లేచు మేడ



పెరడును పూలమొక్కలును గల యొంటియిల్లు మన పట్టణములలో నానాటికి అరుదగుచున్నది. ఇంటి పెద్దలు గతించి, బిడ్డలు దూరదేశములందు స్థిరపడగానే ఆ స్థలము బిల్డరుల చేతికి వచ్చును. పాత యిల్లు కొలది దినములలో నేలమట్టమగును. ఆపై నచట అయిదంతస్తుల అపార్టుమెంటు లేచును. పది కుటుంబములకు నీడ కలుగుటను మేము తప్పు పట్టము. కాని యా ప్రక్కయింట కాపురముండు గృహిణి కష్టమును తలచువా రెవరు? దుమ్మును చప్పుడును కొన్నాళ్లకు పోవును. తన గోడలు నిలుచునా, వంటయింట వెలుతురు మిగులునా యను దిగులు మాత్రము పోదు.

ఈ దిగులునకు కలహము మందు కాదు; ఊరకుండుట అంతకంటెను కాదు. మొదటి గోయి త్రవ్వకమునుపే మేలుకొనుటయే మందని మా యభిప్రాయము.

అన్నిటికంటె నపాయకరమైనది పునాదుల వేళ. మన యింటి బరువును మోయునది దాని క్రింది మన్ను మాత్రమే కాదు. ప్రక్కనున్న మన్ను దానిని కదలకుండ అదిమి పట్టియుండును. పొరుగున సెల్లారుకొరకు లోతుగా త్రవ్వినప్పుడు ఆ పట్టు సడలును. వాన కురిసినచో తడిసిన మన్ను గోతిలోనికి జారును. 2024 నవంబరులో హైదరాబాదు గచ్చిబౌలి ప్రాంతమందలి సిద్ధిఖ్ నగరమున, ప్రక్క స్థలములో గోతులు త్రవ్వగా, ఒక బహుళాంతస్తుల భవన మొరిగిపోయినది. అందలివారు ప్రాణభయముతో వెలుపలికి వచ్చిరి. తుదకు దానిని కూల్చివేయవలసి వచ్చినది.

కావున త్రవ్వకమునకు ముందే ఇంటి గోడలను, స్తంభములను, ప్రహరీని, నేలను తేదీ తెలియునట్లు ఛాయాచిత్రములు తీసి యుంచవలెను. పాత నెరియలను గూడ దాచక చూపవలెను. ఒక ప్రతిని బిల్డరునకు పంపి, అందినట్లు సంతకము తీసికొనవలెను. మా పొరుగున నిట్టి నిర్మాణమే సాగినప్పుడు, మూడవ వారమున మా పడమటి గది కిటికీ మూలను క్రొత్త నెరియ కానవచ్చినది. మునుపటి చిత్రములో నది లేదు. రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూపగా వాదమునకు తావు లేకపోయినది. గోడకు మరమ్మతు జరిగినది. అంతకంటె ముఖ్యముగా గోతి యంచున మన్ను జారకుండ అడ్డుగోడ లేచినది.

చట్టము మనకు పరాయిది కాదు. పొరుగుభూమి మన భూమికి సహజముగా నిచ్చు ఆసరాను తొలగింపరాదని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము చెప్పుచున్నది. 20 సంవత్సరములు ఎడతెగక, బహిరంగముగా, వివాదము లేక హక్కుగా అనుభవించిన వెలుతురునకును గాలికిని గూడ అందు రక్షణ కలదు. అయితే కొంచెము నీడ పడినంతమాత్రాన దావా చెల్లదు. నష్టము గణనీయమై యుండవలెను.

తరువాత చూడవలసినది ప్లాను. నిర్మాణము సాగినంతకాలము మంజూరైన ప్లాను ప్రతిని స్థలముననే ప్రదర్శింపవలెననియు, పూర్తియైనట్లు ధ్రువపత్రము చూపినగాని విద్యుత్తు, నీరు మున్నగు వసతు లియ్యరాదనియు సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 17న ఆదేశించినది. ఎత్తు పెరిగినకొలది చుట్టును విడువవలసిన ఖాళీ పెరుగుట మన నిర్మాణ నిబంధనల పద్ధతి. ప్లానులో నెన్ని అంతస్తులు, మనవైపున నెంత ఖాళీ యని చదువుటకు ఇంజినీరు చదువు అక్కరలేదు. టేపుతో కొలుచుట చాలును. స్థలము 500 చదరపు మీటర్లు మించినను, ఫ్లాట్లు 8కి మించినను, 2016 నాటి రెరా చట్టము ప్రకారము అమ్మకమునకు ముందు నమోదు కావలెను.

చప్పుడునకును హద్దు కలదు. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము నివాసప్రాంతమున పగలు 55, రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు 45 డెసిబెల్సు మించరాదు. పసిబిడ్డలు, రోగులు గల యిండ్లవారు దీనిని గుర్తుంచుకొనవలెను.

ప్లానును మీరి కట్టినచో నోటిమాటతో సరిపెట్టక మునిసిపాలిటీకి వ్రాతపూర్వకముగా తెలిపి రశీదు పొందవలెను. జవాబు రానిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు చేయవచ్చును. 30 దినములలో సమాధాన మీయవలెను. అంతకును వినకున్న న్యాయస్థానమున నిషేధాజ్ఞ కోరవచ్చును. కాని గోడ లేవకమునుపు కోరుట వేరు, లేచిన పిదప కోరుట వేరు. ఆలసించినవారికి తరచుగా నష్టపరిహారమే మిగులును; పోయిన వెలుతురు తిరిగి రాదు.

ఇరుగుపొరుగిండ్ల స్త్రీలు నలుగురు కూడి యొక్క లేఖపై సంతకములు చేసినచో దాని బరువు హెచ్చును. ఆ కోపమును మాత్రము ఇటుకలు మోయు కూలితల్లుల మీద చూపరాదు. వారి బిడ్డలకు గ్రుక్కెడు నీళ్లిచ్చుట మన ధర్మము. రేపు ఆ మేడలో చేరు గృహిణులును మనకు పొరుగువారే. వారి యిల్లు నియమము ప్రకారము లేచుట మనకెంత క్షేమమో, అందు నిదురించు వారి బిడ్డలకును అంతే క్షేమము.