పాత ఎత్తులు - కొత్త పోటీలు
(చదరంగం ఆడే తమ్ముళ్ల కోసం)



చదరంగం పుట్టిల్లు మన దేశమే అని అందరికీ తెలుసు. మన హాస్టళ్లలో కూడా ఈ ఆటకు లోటు లేదు. ఒక అట్ట బోర్డు, ఒక బంటు పోతే దాని స్థానంలో ఒక సీసా మూత ఉంటే చాలు, ఆదివారం సాయంత్రం గడిచిపోతుంది. ఇక్కడ ఆట సీనియర్ల నుంచి జూనియర్లకు వస్తుంది. పదో తరగతి అన్న చూపించిన ఎత్తులే ఏడో తరగతి తమ్ముడు నేర్చుకుంటాడు. అతను పెద్దయ్యాక అవే ఇంకొకరికి చెబుతాడు. అలా ఎప్పటివో ఎత్తులు ఇప్పటికీ మన గదుల్లో తిరుగుతున్నాయి.

గదిలో ఇవి బాగానే పని చేస్తాయి. దోర్నాల మీదుగా ఘాట్ దిగి నంద్యాలకో, కర్నూలుకో పోటీకి వెళ్లినప్పుడే చిక్కు వస్తుంది. అక్కడ కోచింగు తీసుకున్న పిల్లవాడు పదిహేను ఎత్తుల్లో కట్టేస్తాడు. మనవాడు "నాకు తెలివి లేదు" అనుకుని ఆట మానేస్తాడు. చాలాసార్లు లోపం తెలివిలో ఉండదు, సమాచారం పాతదై ఉంటుంది. సమాచారాన్ని మార్చుకోవచ్చు. ఎలా మార్చుకోవాలో చెప్పడానికే ఈ వ్యాసం.

ఇది మనకు కొత్త కాదు

పాత ఆటను కొత్త పోటీకి సరిచేసుకున్నవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు మీర్ సుల్తాన్ ఖాన్. పంజాబు పల్లెలో పుట్టిన ఆయన దేశీ చదరంగం నేర్చుకున్నాడు. దేశీ ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదులుతుంది. కోట కట్టడం ఉండదు, బదులుగా రాజు ఒకసారి గుర్రంలా గెంతవచ్చు. మన పల్లెల్లో అరుగుల మీద పెద్దలు ఆడినదీ ఇంచుమించు ఇలాంటి ఆటే. ఆయన అంతర్జాతీయ నియమాలు నేర్చుకుని 1929లో ఇంగ్లండు వెళ్లి, ఆ ఏడాదే బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. 1932లో, 1933లో మళ్లీ గెలిచాడు. మాజీ ప్రపంచ విజేత కాపాబ్లాంకాను కూడా ఓడించాడు. ప్రారంభ ఎత్తుల్లో ఆయన బలహీనుడని అప్పటివారు రాశారు. కానీ ఆట నడుమ, ఆట చివర ఆయనకున్న బలం దేశీ ఆట నుంచి వచ్చిందే. ఆ బలాన్ని వదలకుండా పైన కొత్త నియమాలు చేర్చుకున్నాడు. 2024లో ప్రపంచ చెస్ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ హోదా ఇచ్చింది.

ఇక మన తెలుగువారి సంగతి. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది. తల్లి అయ్యే సమయంలో సుమారు రెండేళ్లు పోటీలకు దూరంగా ఉంది. తిరిగి వచ్చి 2019లో మాస్కోలోను, 2024లో న్యూయార్కులోను ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. గుంటూరుకు చెందిన పెండ్యాల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్. 2024లో గుకేశ్ ప్రపంచ విజేత అయినప్పుడు అతనికి ఎత్తులు సిద్ధం చేసిన బృందంలో హరికృష్ణ ఉన్నాడు. ఇరవై ఏళ్ల క్రితం హోదా పొందినవారు ఇప్పటి పిల్లలకు సమానంగా నిలిచారంటే తమ ఆటను ఎప్పటికప్పుడు మార్చుకున్నారనే అర్థం.

ఏమేమి మారింది?

మొదటిది గడియారం. పూర్వం పెద్ద పోటీల్లో నలభై ఎత్తులకు రెండు గంటలో, రెండున్నర గంటలో ఇచ్చేవారు. ఆట తేలకపోతే తర్వాతి ఎత్తును కవరులో పెట్టి సీలు వేసి మరునాటికి వాయిదా వేసేవారు. ఇప్పుడు వాయిదాలు లేవు. పెద్ద ఆటల్లో తరచుగా 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్ల అదనం ఇస్తున్నారు. ర్యాపిడ్ అయితే 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు. కాబట్టి బాగా ఆలోచించేవాడికన్నా సమయానికి ఆలోచించేవాడే గెలుస్తాడు.

రెండోది నియమాలు. ముట్టుకున్న పావునే కదపాలన్నది పాతదే, కానీ గదిలో మనం పాటించం. పోటీలో తప్పదు. కోట కట్టేటప్పుడు ముందు రాజును ముట్టుకోవాలి, ఒకే చెయ్యి వాడాలి. పెద్ద ఆటలో మొదటిసారి చెల్లని ఎత్తు వేస్తే ఎదుటివాడికి 2 నిమిషాలు అదనంగా ఇస్తారు. రెండోసారి వేస్తే ఆట పోయినట్లే. ఎత్తుకు 30 సెకన్ల అదనం ఉన్న ఆటలో చివరి ఎత్తు దాకా రాస్తూనే ఉండాలి. సెల్‌ఫోను జేబులో ఉంటే ఆట పోతుంది.

మూడోది కంప్యూటరు. 1997లో డీప్ బ్లూ అనే యంత్రం ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను ఓడించింది. 2017లో ఆల్ఫాజీరో అనే ప్రోగ్రాం కేవలం నియమాలు తెలుసుకుని, తనతో తానే ఆడుకుని మేటిగా తయారైంది. ఈనాడు సెల్‌ఫోనులో నడిచే స్టాక్‌ఫిష్ ఏ మనిషికన్నా బలమైనది, పైగా ఉచితం. అందుకే పాత పుస్తకంలో "గొప్ప ఉచ్చు" అని రాసినదానికి విరుగుడు ఇప్పుడు పదేళ్ల పిల్లవాడికీ తెలుసు.

మూడు వరుసల నోటుపుస్తకం

ఒక నోటుపుస్తకం తీసుకుని పేజీని మూడు వరుసలుగా గీయండి: ఉంచవలసినవి, సరిచేయవలసినవి, తీసివేయవలసినవి. మీకు తెలిసిన ఎత్తులన్నీ ఈ మూడింటిలో సర్దండి.

తీసివేయవలసినవి: నాలుగెత్తుల ఆటకట్టు ఇందులో మొదటిది. మంత్రిని హెచ్5 గడికి తెచ్చి ఎఫ్7 మీద గురిపెట్టడం. నల్లవారు సి6లో గుర్రం పెట్టుకుని, జి బంటును ఒక్క గడి ముందుకు జరిపితే చాలు, మంత్రి వెనక్కి పోవాలి. తర్వాత ఎఫ్6కు గుర్రం వస్తుంది. మనం మంత్రిని రెండుసార్లు తిప్పేలోపు ఎదుటివాడు రెండు గుర్రాలూ బయటికి తెచ్చుకున్నాడు. కొత్తవాడి మీద గెలిపించే ఈ ఎత్తు తెలిసినవాడి మీద ఓడిస్తుంది.

సరిచేయవలసినవి: తెల్లవారు బంటు ఈ4, నల్లవారు ఈ5. గుర్రం ఎఫ్3, గుర్రం సి6. శకటం సి4 (కొందరు ఒంటె అంటారు), గుర్రం ఎఫ్6. ఇక్కడ మన సీనియర్లు గుర్రాన్ని జి5కు దూకించేవారు. నల్లవారు బంటును డి5కు తోస్తే బంటుతో కొడతాం. ఆ బంటును వారు గుర్రంతో తీసుకుంటే మన గుర్రం ఎఫ్7లో పడి రాజును నడివీధికి లాగుతుంది. కానీ నేర్చుకున్నవాడు గుర్రంతో తీసుకోడు. సి6 గుర్రాన్ని ఏ5కు తెచ్చి మన శకటం మీద పెడతాడు. మనకు ఒక బంటు లాభం వస్తుంది కానీ పావులు చకచకా బయటికి వచ్చేది అతనికే. ఈ దారి తప్పు కాదు, ఉచిత గెలుపు మాత్రం కాదు. దీనికి బదులు నాలుగో ఎత్తుగా బంటు డి3 వేసి, కోట కట్టి, సి3తో నెమ్మదిగా నడవడం నేర్చుకోండి. ఈ నిదానపు ఆటనే గ్రాండ్‌మాస్టర్లు కూడా ఎంతో ఆడుతున్నారు. మొదటి మూడు ఎత్తులు మీకు వచ్చినవే, మారింది ఒక్క ఎత్తే.

ఉంచవలసినవి: ఆట చివరి పాఠాలు ఎన్నటికీ పాతబడవు. రాజు, ఒక బంటు మిగిలినప్పుడు ఎదురెదురు రాజుల పోరు, ఏనుగుతో ఆటకట్టు, ఏనుగు-బంటు మీద ఏనుగుతో డ్రా చేయడం మొదలైనవి. ఫ్రెంచివాడైన ఫిలిడోర్ పుస్తకం 1749లో వచ్చింది. ఏనుగుల ఆటలో ఆయన చూపిన రక్షణ ఈనాటికీ అలాగే ఉంది. వీటిని ఏ కంప్యూటరూ కొట్టివేయలేదు.

పాతదల్లా పారవేయవద్దు

2000లో లండనులో క్రామ్నిక్ ఏం చేశాడో చూడండి. కాస్పరోవ్ మీద ఆడేటప్పుడు, ఎప్పుడో వెనకబడిపోయిందనుకున్న బెర్లిన్ రక్షణను బయటికి తీశాడు. మంత్రులు త్వరగా మారిపోయే ఆ ఆటను కాస్పరోవ్ ఛేదించలేకపోయాడు. ఆ పోటీలో ఒక్క ఆట కూడా గెలవలేక ప్రపంచ కిరీటం పోగొట్టుకున్నాడు. తాతలు నేతులు తాగారని మూతులు వాసన చూసుకోవడం ఎంత తప్పో, పాతదని చూడకుండానే పారవేయడమూ అంతే తప్పు. పరీక్షించి ఉంచుకోవాలి.

హాస్టల్లో చేయగలిగిన పద్ధతి

1. ఆడే ప్రతి ఆటా రాయండి. ఓడిన ఆటలో మీ పరిస్థితి మొదట ఎక్కడ చెడిందో గుర్తు పెట్టండి. పది ఆటలు రాస్తే మీ జబ్బు మీకే తెలుస్తుంది. ప్రారంభంలో ఓడుతున్నారా, చివర ఓడుతున్నారా, గడియారం మీద ఓడుతున్నారా?

2. ముందు మీరే విచారించండి, తర్వాతే కంప్యూటరును అడగండి. గదికంతా కలిపి వారానికి ఒక గంట ఫోను దొరికినా చాలు. లిచెస్ వంటి ఉచిత చోట మీ ఆటను ఎక్కించి తప్పులు చూసుకోవచ్చు. అది చెప్పిన ఎత్తు ఎందుకు మంచిదో అర్థమైతేనే నోటుపుస్తకంలోకి ఎక్కించండి.

3. సరంజామా కొంచెమే పెట్టుకోండి. తెల్లకు ఒక ప్రారంభం, ఈ4కు ఒక జవాబు, డి4కు ఒక జవాబు. ఈ మూడూ బాగా వస్తే జిల్లా పోటీకి సరిపోతుంది.

4. ఒకేసారి ఒక్కటే మార్చండి. అన్నీ కలిపి మారిస్తే ఏది పని చేసిందో తెలియదు. కొత్త ఎత్తును గదిలో పది ఆటలు ఆడి చూడండి. పోటీకి వారం ముందు ఏదీ మార్చవద్దు.

5. వారానికి ఒక రోజు గడియారం పెట్టి, ముట్టుకున్న పావు నియమంతో ఆడండి. చెస్ గడియారం లేకపోతే ఫోనులో ఉచితంగా దొరుకుతుంది.

ఒక మాట గుర్తుంచుకోండి. చెస్ టోర్నమెంట్లు ఎక్కువగా స్విస్ పద్ధతిలో జరుగుతాయి. మొదటి రౌండు ఓడినా బయటికి పంపరు, మీతో సమానమైన పాయింట్లు ఉన్నవారితో తర్వాతి జత కడతారు. కాబట్టి ఒక ఓటమితో సంచి సర్దుకోవద్దు. ఆ ఆట రాసిన కాగితం మాత్రం భద్రంగా తెచ్చి గదిలో తమ్ముళ్లకు చూపించండి. కోచింగు లేని మనకు అవే పాఠాలు. మీ తర్వాత వచ్చేవాడికి పాత ఎత్తులతో పాటు వాటి విరుగుళ్లు కూడా అందాలి. అప్పుడే మన నోటుపుస్తకం ఏటేటా కొత్తదవుతుంది.



- మీ పూర్వ విద్యార్థి